‘రేపట్నుంచి రావద్దు’: పై అధికారి కోపానికి చట్టంలో లెక్క



విషయం మీ ఇష్టం అని నిర్వాహకులు నాకే వదిలేశారు. వకీలైన మా సీనియర్ గారి పేరు మీద జరిగే ఈ సభలో రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించి మాట్లాడితే ఆయన ఆత్మ శాంతించదు. పెద్ద పెద్ద సూత్రాలు మొదలైతే ఆయనకు కునుకు పట్టేది. ఆఫీసుకు వచ్చిన కార్మికుణ్ణి ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరు ఎవర్ని ఏమన్నారు? ఆ మాట ఆ మాటలాగే చెప్పు, పాలిష్ పట్టకు." ఈ సాయంత్రం ఆ ప్రశ్ననే పట్టుకుందామనుకుంటున్నాను. పై అధికారికి కోపం వచ్చింది, కింది ఉద్యోగి మీద నోరు పారేసుకున్నాడు, ఒక్కోసారి చెయ్యి కూడా చేసుకున్నాడు. తర్వాత చట్టం ఏం చేస్తుంది?

2025 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే అది మన సికింద్రాబాద్ నుంచి వెళ్లిన కేసు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం కింద నడిచే ఒక జాతీయ సంస్థ. 2022లో అక్కడి ఇన్‌చార్జి డైరెక్టరు ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను తన ఛాంబర్‌కు పిలిచి, తన మీద పైవాళ్లకు ఫిర్యాదులు చేస్తున్నందుకు గట్టిగా కేకలు వేశారని ఆరోపణ. ఆమె అప్పుడే కోవిడ్ నుంచి తేరుకుని డ్యూటీలో చేరారు. పోలీసులు కేసు కట్టారు, చార్జిషీటు వేశారు. కొట్టేయమని అడిగితే తెలంగాణ హైకోర్టు కుదరదంది. సుప్రీంకోర్టులో జస్టిస్ సంజయ్ కరోల్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం మొత్తం కేసును కొట్టేసింది.

అందులో మనకు కావలసింది ఐపీసీ 504 మీద చెప్పిన మాట. ఆ సెక్షను ప్రకారం నేరం కావాలంటే అవమానించి ఉండాలి, కావాలని అవమానించి ఉండాలి, ఆ అవమానంతో అవతలివాడు రెచ్చిపోయి శాంతిభంగానికో మరో నేరానికో దిగుతాడని ఉద్దేశించో తెలిసో ఉండాలి. పనిలో క్రమశిక్షణ గురించీ బాధ్యతల గురించీ పై అధికారి మందలిస్తే, గొంతు పెంచినా సరే, అది ఆ మూడు మెట్లూ ఎక్కదని కోర్టు తేల్చింది. సంస్థను నడిపే మనిషి కింది వాళ్ల పనితీరు గురించి అడగలేకపోతే సంస్థే సాగదని కూడా గుర్తుచేసింది. ఆ తర్వాత ‘బాస్ తిట్టడం నేరం కాదు’ అన్న ఒక్క ముక్క ఫోన్లన్నీ తిరిగింది. నాకు తెలిసిన హెచ్‌ఆర్ మేనేజరొకాయన దాన్ని లైసెన్సు రెన్యువల్ అయినంత సంబరంగా నాకే పంపించాడు.

తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఆఫీసులో వినిపించిన ప్రతి కేకకీ పోలీసు స్టేషన్ మెట్లెక్కాలంటే స్టేషన్లూ చాలవు, ఆఫీసులూ సాగవు. శిక్షాస్మృతిలోనే ఒక పాత సెక్షను ఉంది. ఐపీసీలో 95, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 33. మామూలు బుద్ధీ స్వభావమూ ఉన్న మనిషి ఫిర్యాదు చెయ్యనంత చిన్న హానిని నేరంగా లెక్కించనక్కర్లేదని దాని సారం. ఇంకో సంగతి. 504, కొత్త సంహితలో 352, రెండేళ్ల వరకూ శిక్ష ఉన్నదే అయినా పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగలిగినది కాదు. మెజిస్ట్రేటు అనుమతి కావాలి. చెయ్యి చేసుకున్న కేసూ మామూలు దెబ్బైతే అంతే. స్టేషన్లో "కోర్టుకెళ్లి ప్రైవేటు కంప్లయింటు వేసుకోండి" అని పంపించేస్తే అది ప్రతిసారీ నిర్లక్ష్యమేమీ కాదు.

నా అభ్యంతరమల్లా ఆ ఒక్క ముక్కను చదువుకుని ఊరుకున్నవాళ్ల మీద. ఫలానా సెక్షను కింద నేరం కాదు అన్నంత మాత్రాన దానికి చట్టపరమైన పర్యవసానం లేదని కాదు. మేనేజరు కోపం ఊరికే కోపంగా ఉన్నంతసేపూ చట్టం దాదాపు కళ్లు మూసుకుంటుంది. అది దేన్నో తాకాలి. ఒంటిని తాకాలి, కులాన్ని తాకాలి, ఆడమనిషి గౌరవాన్ని తాకాలి, ఉద్యోగాన్ని తాకాలి. అప్పుడు కళ్లు తెరుస్తుంది, ఒక్కోదానికి ఒక్కో రకంగా.

ఒంటి నుంచి మొదలుపెడదాం. దీనికి మన దేశంలో 150 ఏళ్ల నాటి ఒక ఉదాహరణ ఉంది. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు. ఆదివారం కుటుంబంతో చర్చికి బయలుదేరాడు. బండి గుమ్మం దగ్గర సిద్ధంగా లేదు. గుర్రబ్బండి వాడు, కత్వారూ అని పేరు, ఆలస్యంగా వచ్చాడు. దొర మొహం మీద అరచేత్తో కొట్టి జుట్టు పట్టుకు లాగాడు. పనివాడు కింద పడ్డాడు, లేచాడు, పక్క ఆవరణలోకి నడిచి వెళ్లి చచ్చిపోయాడు. ప్లీహం పగిలిందని డాక్టరు తేల్చాడు. మలేరియా ఊళ్లలో జనానికి ప్లీహం వాచి ఉండటం మామూలే, చిన్న దెబ్బకే పగిలేది. లీడ్స్ అనే జాయింట్ మెజిస్ట్రేటు ఐపీసీ 323 కింద దోషిగా తేల్చి 30 రూపాయలు జరిమానా వేశాడు, ఆ డబ్బు భార్యకు ఇమ్మన్నాడు. అలహాబాద్ హైకోర్టుకు కూడా అందులో పెద్దగా తప్పు కనిపించలేదు. 1876లో వైస్రాయి లిట్టన్ మాత్రం ఊరుకోలేదు. మెజిస్ట్రేటునూ హైకోర్టునూ తప్పుపడుతూ నోటు రాశాడు, ఒక ఏడాది పాటు లీడ్స్‌కు ప్రమోషన్ లేకుండా చేశాడు. ఇక్కడి ఇంగ్లీషు పత్రికలు వైస్రాయి మీద విరుచుకుపడ్డాయి. ఒక దొర తన పనివాణ్ణి క్షణికావేశంలో ఒక దెబ్బ వేస్తే అంత రాద్ధాంతమా అని.

లిట్టన్ మన మిత్రుడేమీ కాదు. పత్రికల నోరు నొక్కే వర్నాక్యులర్ ప్రెస్ చట్టం తెచ్చింది ఆయనే. అయినా ఆ ఒక్క నోటులో ఆయన పట్టుకున్న సంగతి నేటికీ పనికొస్తుంది. చిన్న దెబ్బే కదా అని కొట్టినవాడు అనుకోవచ్చు, తగిలిన ఒళ్లు ఎలాంటిదో అతనికి తెలియదు. ఆ 323 ఇప్పుడు న్యాయ సంహితలో 115(2). ఏడాది వరకూ శిక్ష అలాగే ఉంది, జరిమానా గరిష్ఠం 1,000 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. ఫైలు మొహం మీద విసరడం, కాలరు పట్టుకోవడం, కొట్టబోయినట్టు మీదికి రావడం, ఇవి దౌర్జన్యం సెక్షన్ల కిందికి వస్తాయి. ఇక్కడ కోపం కొంత ఆదుకుంటుంది కూడా. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొడితే చెయ్యి చేసుకున్నవాడికి చట్టం శిక్ష తగ్గిస్తుంది. కానీ ఆ రెచ్చగొట్టడం అవతలివాడు చేసి ఉండాలి. నెలాఖరుకి టార్గెట్ రాకపోవడం, లీవు లెటరు పెట్టడం రెచ్చగొట్టడం కిందికి రావు. ఈ వాదన ఒకాయన నిజంగానే చేశాడు, అందుకని చెబుతున్నాను.

ఇక కులం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, 2015 సవరణ తర్వాత, సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) చూడాలి. నలుగురి కంటా పడే చోట కావాలని అవమానించినా, కులం పేరుతో దూషించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ముందస్తు బెయిలు సాధారణంగా రాదు. దర్యాప్తు డీఎస్పీ చెయ్యాలి. ఇక్కడ వాదమంతా ‘నలుగురి కంటా పడే చోటు’ దగ్గరే. 2020లో హితేష్ వర్మ కేసులోనూ, 2025 జనవరిలో తమిళనాడు రెవెన్యూ ఆఫీసు కేసులోనూ, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ల కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అదే మాట మేనేజరు తలుపేసిన కేబిన్లో అంటే ఒక లెక్క, షాప్ ఫ్లోరు మీద పది మంది ముందు అంటే ఇంకో లెక్క. విన్న మనిషికి తేడా ఏముంది అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. చట్టం రాసినవాళ్లు బజారు అవమానాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారు, తలుపేసిన గది వాళ్ల లెక్కలోకి పూర్తిగా రాలేదు.

ఆడవాళ్ల విషయంలో 1997 విశాఖ తీర్పు నుంచి లైంగిక వేధింపుల మీద 2013లో చేసిన చట్టం దాకా వచ్చిన దారి మీ అందరికీ తెలుసు కాబట్టి త్వరగా దాటేస్తాను. ఒక్కటి మాత్రం. ఆ చట్టం సెక్షన్ 3లో ఆరోగ్యానికీ భద్రతకూ హాని కలిగించేలా అవమానకరంగా చూడటం అన్న మాట ఉంది. దాన్ని చూసి, మేనేజరు కసిరితే చాలు ఇంటర్నల్ కమిటీకి వెళ్లొచ్చనుకుంటారు. ఆ అవమానం లైంగిక వేధింపుతో ముడిపడి ఉండాలి. ముడి ఉందనుకుంటే మూడు నెలల్లోగా ఫిర్యాదివ్వాలి. లేదనుకుంటే ఆ తలుపు తట్టి లాభం లేదు.

ఇప్పుడు ఉద్యోగం. సీనియర్ గారు బతుకంతా గడిపింది ఇక్కడే కాబట్టి కాస్త నిలుస్తాను.

విశాఖ శివారులో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్. పేరెందుకు. సెకండ్ షిఫ్టులో ఒక బ్యాచ్ పాడైంది. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి మెషీన్ మీదున్న ఆపరేటరుతో, "గేటు బయటికి నడువ్. రేపట్నుంచి నీ మొహం చూపించకు" అన్నాడు. మర్నాడు ఆ మనిషి టైముకే వచ్చాడు. పంచింగ్ కార్డుల ర్యాకులో అతని కార్డు లేదు. సెక్యూరిటీ లోపలికి పోనివ్వలేదు. అలా కొన్నాళ్లు రోజూ క్యారేజీ పట్టుకుని వచ్చి, గేటెదురు టీ బడ్డీ దగ్గర షిఫ్టు అయ్యేదాకా నిలబడి వెళ్లేవాడు. ఇంట్లో చెప్పలేదు. యూనియన్ మనిషి ఒకాయన చూసి, డ్యూటీలోకి తీసుకోమని రిజిస్టర్డ్ పోస్టు పెట్టించాడు. కవరు తీసుకోలేదు, వెనక్కి వచ్చింది. అసిస్టెంట్ లేబర్ కమిషనరు దగ్గర కన్సిలియేషన్లో మేనేజ్‌మెంటు చెప్పింది ఒకటే: మేం తీసెయ్యలేదు, అతనే మానేశాడు. లేబర్ కోర్టుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది.

షిఫ్ట్ ఇన్‌చార్జి బోనెక్కాడు. మంచివాడే, అబద్ధం సరిగ్గా ఆడలేని మనిషి. సీనియర్ గారు లేచారు.

"ఆ రోజు ఏమన్నారు?"

"కోపంలో ఏదో అన్నానండి."

"ఆ ఏదో ఏమిటో చెప్పండి."

"బయటికి పొమ్మన్నాను."

"రేపట్నుంచి రావద్దన్నారా?"

"మాటవరసకి అన్నానండి. తీసెయ్యాలని కాదు."

"మాటవరసకి అంటే మర్నాడు ర్యాకులో కార్డు ఎందుకు లేదు?"

"అది టైమ్ ఆఫీసు వాళ్లు చూసుకుంటారండి."

"టైమ్ ఆఫీసుకి ఎవరు చెప్పారు?"

జవాబు రాలేదు. ఆయన "అంతే, అయ్యా" అని కూర్చున్నారు.

కేసు అక్కడ గెలిచింది. సంవత్సరంలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి తీసెయ్యాలంటే నెల నోటీసో దాని జీతమో ఇవ్వాలి, సర్వీసు చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-ఎఫ్ అది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకి కూడా వచ్చింది. తప్పు చేశాడని తీసెయ్యాలంటే చార్జిమెమో ఇవ్వాలి, ఎంక్వైరీ పెట్టాలి, అతని మాట వినాలి. కోపంలో అన్న ఒక్క మాట ఇవన్నీ చెయ్యకుండానే ఉద్యోగం తీసేసినట్టయింది. మానేశాడు అనే వాదానికి 1993లోనే సుప్రీంకోర్టు డీకే యాదవ్ కేసులో గట్టి జవాబు చెప్పింది. అక్కడా గేటే. రోజూ వస్తున్నా రానివ్వలేదని కార్మికుడు, ఎనిమిది రోజులు దాటి రాలేదు కాబట్టి స్టాండింగ్ ఆర్డర్ల, అంటే కంపెనీ సర్వీసు నిబంధనల, ప్రకారం దానంతటదే పేరు పోయిందని కంపెనీ. మనిషి మాట వినకుండా అలా పేరు కొట్టెయ్యడం జీవనోపాధి హక్కుకు, అంటే 21వ అధికరణానికే విరుద్ధమని కోర్టు చెప్పి, సగం బ్యాక్ వేజెస్‌తో, అంటే బయట ఉంచిన కాలానికి సగం జీతంతో, తిరిగి పనిలోకి తీసుకోమంది. 2013లో దీపాలీ గుండు సుర్వాసే కేసులో ఇంకో అడుగు ముందుకేసి, అక్రమంగా తీసేస్తే బ్యాక్ వేజెస్ ఇవ్వడమే మామూలు పద్ధతి అంది. మేనేజ్‌మెంటు హైకోర్టుకు వెళితే, అక్కడ తేలేదాకా చివరి జీతం నెలనెలా కట్టమనేది పాత చట్టంలోని 17-బి.

లెక్కేసుకోండి. ఆ షిఫ్ట్ ఇన్‌చార్జి అదే ఆపరేటర్ని నానా మాటలూ అని, మర్నాడు కార్డు ర్యాకులో ఉంచి ఉంటే కంపెనీకి పైసా ఖర్చయ్యేది కాదు. బూతు ఒక్కటీ లేకుండా ‘రేపట్నుంచి రావద్దు’ అన్నాడు. దానికి ఏళ్ల జీతం కట్టారు. కోపంలో మేనేజరు అనగలిగిన వాటిల్లో చట్టం దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన మాట అదే. షాపుల్లో, ప్రైవేటు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి మన రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో సెక్షన్ 47 ఇలాంటి రక్షణే ఇస్తుంది. చీరల షాపులో సేల్స్‌మన్‌కి ఈ సంగతి తెలియదు, ఓనరుకీ తెలియదు.

దీని తోబుట్టువు ఇంకోటి ఉంది: "పేపరు తీసుకో, రిజైన్ చేసినట్టు రాయి." ఐటీ కంపెనీల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. బెదిరించి రాయించుకున్న రాజీనామా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ప్రకారం రద్దు చేయించుకోదగినదే. కానీ బెదిరించారని రుజువు చెయ్యాల్సింది రాసినవాడు. ఆ రాత్రే ఒక మెయిలు పెట్టి ఉంటే సగం పని అయినట్టు. ఆరు నెలల తర్వాత, ఇంకో ఉద్యోగం దొరక్క, అప్పుడు గుర్తొచ్చి అడిగితే ఏ జడ్జికీ నమ్మకం కుదరదు.

చావు సంగతి కూడా చెప్పాలి, దాటేస్తే పిరికితనమవుతుంది. పై అధికారి వేధించాడని రాసి ఉద్యోగి ప్రాణం తీసుకుంటే ఆత్మహత్యకు ప్రేరేపణ కింద, ఐపీసీ 306, ఇప్పుడు 108, పదేళ్ల దాకా శిక్ష పడే కేసు పెడతారు. కేసు పెట్టడం సులువు, నిలవడం కష్టం. ఫలితం ఉద్దేశించకుండా కోపావేశంలో అన్న మాట ప్రేరేపణ కాదని 2001లో రమేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసు సంబంధాల్లో ఇంకా జాగ్రత్తగా చూడాలని 2024 అక్టోబరులో మరో తీర్పు. అది లక్నోలో 2006లో ఒక సేల్స్ ఉద్యోగి చనిపోయిన కేసు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోమని అధికారులు ఒత్తిడి చేశారని ఆరోపణ. చివరికి అధికారుల మీద కేసు కొట్టేశారు. 2006 నుంచి 2024 దాకా అంటే 18 ఏళ్లు. శిక్ష పడకుండానే వాళ్ల నడివయసు కోర్టు వరండాల్లో గడిచిపోయింది. చనిపోయినవాడి ఇంటివాళ్లకి 18 ఏళ్లు ఆశ పెట్టి చివర్లో ఏమీ లేదన్నారు. ఈ సెక్షను ఎవరికి మేలు చేసిందో నాకు అర్థం కాదు. చావు దాకా పోకముందు పట్టించుకునే చోటొకటి ఆఫీసులోనే ఉంటే ఈ కేసుల్లో చాలా పుట్టవు.

ఆ చోటు లేదన్నదే నేను అసలు చెప్పదలచుకున్నది.

తిట్టు కింది నుంచి పైకి వెళితే ఏమవుతుందో చూడండి. స్టాండింగ్ ఆర్డర్లలో దుష్ప్రవర్తనల పట్టిక ఉంటుంది. 1946 నాటి కేంద్ర నమూనాలోనే అవిధేయత ఉంది, పనివేళల్లో గలభా ఉంది, క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనైనా ఉంది. ఫోర్‌మన్‌ను తిట్టిన కార్మికుడి మీద సాయంత్రానికి చార్జిమెమో తయారు. లా రిపోర్టుల నిండా ఈ కేసులే. 1982లో రమాకాంత్ మిశ్రా కేసులో, ఒక్కసారి నోరు జారినందుకు ఉద్యోగం పీకెయ్యడం ఎక్కువని సుప్రీంకోర్టు ఇంక్రిమెంట్ల కోతతో సరిపెట్టింది. 2005లో మహీంద్రా అండ్ మహీంద్రా కేసులో పై అధికారిని బూతులు తిట్టిన కార్మికుడి డిస్మిసల్ సరైనదేనంది. ఆ రెండు తీర్పుల మధ్య ఎటువైపు మొగ్గాలో తేల్చుకోవడానికే మా వృత్తి జీవితాలు సరిపోయాయి. తిట్టు పై నుంచి కిందికి వచ్చిన కేసులు వెతకండి. ఫోర్‌మన్ కార్మికుణ్ణి అవే బూతులు తిట్టాడు, అతనికి చార్జిమెమో ఇచ్చారు, ఎంక్వైరీ జరిగింది, ఇంక్రిమెంటు ఆగింది. మీకెన్ని దొరుకుతాయో నాకు ఫోన్ చేసి చెప్పండి. నా నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది.

ప్రభుత్వంలో కాగితం మీదైనా మేలు. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 3-ఏ ఉంది. విధి నిర్వహణలో అమర్యాదగా ప్రవర్తించకూడదు అని. కింది ఉద్యోగికైనా ప్రజలకైనా అది వర్తిస్తుంది. ప్రైవేటులో అలాంటి వాక్యం కంపెనీ తనంతట తాను రాసుకుంటేనే. రాసుకున్న కంపెనీలు ఉన్నాయి. అవి కూడా సాధారణంగా వీడియో బయటికొచ్చాకే కదులుతాయి. 2023 జూన్‌లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ మీటింగులో కింది వాళ్ల మీద అరిచిన వీడియో దేశమంతా తిరిగితే బ్యాంకు ఆయన్ని సస్పెండ్ చేసింది. అరుపు వల్ల జరిగిందా, వీడియో వల్ల జరిగిందా అన్నది మీ ఊహకే వదిలేస్తాను.

రికార్డింగుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడికొచ్చిన లా కాలేజీ పిల్లల కోసం ఒక్క ముక్క. సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి. ఫోనులోది పెన్‌డ్రైవులోకి ఎక్కించి జడ్జిగారి బల్ల మీద పెడితే సరిపోదు. అసలు ఫోను అమ్ముకోకండి, ఎక్స్‌చేంజిలో ఇవ్వకండి.

వేరే దేశాల్లో ఏం చేశారు? ఇంగ్లండులో 1976లో ఐల్ ఆఫ్ వైట్ టూరిస్టు బోర్డు డైరెక్టరు తన సెక్రటరీ ముందే వేరొకరితో, సోమవారం పొద్దుటిపూట ఈవిడతో వేగలేమని ఒక బూతు కలిపి అన్నాడు. ఆవిడ రాజీనామా చేసింది. అది రాజీనామా కాదు, ఉద్యోగం తీసేసినట్టేనని ట్రిబ్యునల్ చెప్పింది, అప్పీలులోనూ నిలిచింది. ఇద్దరి మధ్య ఉండాల్సిన నమ్మకాన్ని యజమానే తెంపేశాడు కాబట్టి. జపాను 2019లో చట్టం చేసి, అధికారబలంతో చేసే వేధింపును అరికట్టే బాధ్యత కంపెనీల మీద పెట్టింది. 2020 జూన్ నుంచి పెద్ద కంపెనీలకు అమలైంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో పని ప్రదేశాల్లో హింస, వేధింపులపై 190వ ఒప్పందాన్ని ఆమోదించింది. భారత్ ఇంకా అందులో చేరలేదు.

అమెరికా మాత్రం మనకంటే ఏం మెరుగు కాదు. అక్కడి వివక్ష చట్టం ఆఫీసు మర్యాదల చట్టం కాదని వాళ్ల సుప్రీంకోర్టు 1998లో ఓంకేల్ కేసులో తేల్చింది. జాతి, లింగం, మతం, వయసు లాంటి దేన్నీ తాకకుండా అందర్నీ సమానంగా తిట్టే బాస్‌ను ఆ చట్టం ఏమీ చెయ్యదు. హెచ్‌1బీ వీసా మీదున్న మన పిల్లలకి ఇది వేరే బరువు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో ఇంకో హోదానో చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. అక్కడ బాస్ గొంతు పెంచితే ఇక్కడ గుంటూరులో ఇంటి లోను గుర్తొస్తుంది. అందుకే ఎదురు మాట్లాడరు. చట్టం ఉన్నా లేనట్టే.

నేను కొత్త నేరం సృష్టించమని అడగటం లేదు. ఆ సికింద్రాబాద్ తీర్పును తిరగరాయమనీ అడగటం లేదు. పోలీసు మనిషి ఆఫీసులోకి వచ్చాక మిగిలేది కక్షలే, సీనియర్ గారికీ అది నచ్చేది కాదు. నేనడిగేది స్టాండింగ్ ఆర్డర్లలో ఒక్క వాక్యం. కింది ఉద్యోగిని దూషించడం, పదిమందిలో అవమానించడం, ఉద్యోగం తీసేస్తానని నోటిమాటతో బెదిరించడం దుష్ప్రవర్తనే అని. పై వాణ్ణి తిట్టిన కార్మికుడికి ఏ చార్జిమెమో, ఏ ఎంక్వైరీ, ఏ శిక్షల నిచ్చెన ఉందో అదే మేనేజరుకీ. మొదటిసారికి హెచ్చరిక, తర్వాత ఇంక్రిమెంటు, ఆ పైన ఆ పైవి. ఎంక్వైరీ ఎవరు చేస్తారు? మేనేజరు మీద మేనేజరు కింద పనిచేసేవాడు చెయ్యలేడు. 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీలో బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. ఆ పద్ధతే ఇక్కడా పెట్టొచ్చు. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

చిక్కు ఇంకో చోట ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్లు 300 మంది కార్మికులున్న సంస్థలకే తప్పనిసరి. నేను చెప్పిన మౌల్డింగ్ యూనిట్‌కి అందులో సగం మంది కూడా లేరు. అరుపులు ఎక్కడ ఎక్కువో అక్కడ రూల్సే లేవు. కాబట్టి కోడ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. దుకాణాలు, సంస్థల చట్టం కింద రూల్సు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ కార్మిక శాఖలకు ముసాయిదా ఒకటి మేం కొందరం కలిసి తయారుచేస్తున్నాం. ఇందులో అడ్డం పడే ప్రశ్నలు చాలా ఉన్నాయి. మందలింపుకీ దూషణకీ గీత ఎక్కడ, అబద్ధపు ఫిర్యాదులకు ఏం చెయ్యాలి, పనిచెయ్యని ఉద్యోగి దీన్ని అడ్డు పెట్టుకుంటే ఎలా అని. వీటికి నా దగ్గర సగం జవాబులే ఉన్నాయి. మిగతా సగం కోసం, ముందు వరుసల్లో కూర్చున్న మేనేజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు మొదట అడగండి. యూనియన్ల వాళ్లు తర్వాత. మైకు అటు ఇవ్వండి.